సీటుంది, టికెట్టు లేదు

సెప్టెంబర్ 28

ఒరేయ్ తమ్ముడూ,

దిగాను. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి, సరిచూసుకున్నాను. విమానంలో పక్క సీటావిడ నా భుజం మీద తల వాల్చి ఏడు గంటలు హాయిగా నిద్రపోయింది. దిగేటప్పుడు నా మొహం కూడా చూడకుండా పెట్టె లాక్కుంటూ వెళ్ళిపోయింది. ఈ దేశంలో నాకైన మొదటి పరిచయం అదే.

గది అగ్గిపెట్టెంత ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకో కొక్కెం. కిటికీ తీస్తే ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనబడదు. వెచ్చదనం కోసం పెట్టిన ఇనప గొట్టం ఉండుండి టకటకమంటుంది. ఎవరో తలుపు తట్టారనుకుని రెండుసార్లు లేచాను. ఇక్కడ నా తలుపు తట్టేవాళ్ళెవరున్నారు కనుక!

ఫోన్ చేస్తే నీకు ఎలాగూ వినబడదు, కాబట్టి మనకి ఉత్తరాలే గతి. మెయిలే అయినా ఉత్తరంలాగా రాయి. 'క్షేమం, టికెట్టు పంపాను' అని రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటే ఒప్పుకోను. ముప్పై మూడేళ్ళు రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని జనం అరుపులకి చెవులు పోగొట్టుకున్నావు, మాటలు కూడా అక్కడే వదిలేసి వచ్చావా ఏమిటి?

మళ్ళీ చెబుతున్నాను, నేను వచ్చింది ఊళ్ళు చూడ్డానికి కాదు, మన పిచ్చుక కోసం. నా చెల్లెలు, నీకు చిన్నక్క. ముప్పై ఆరేళ్ళ కిందట నర్సు ఉద్యోగానికని ఈ దేశం వచ్చింది. రెండేళ్ళు వారం వారం ఉత్తరాలు రాసి, ఉన్నట్టుండి మానేసింది. నీ పాత టైంటేబుల్ పుస్తకంలో దొరికిన ఖాళీ కవరు, దాని వెనకాల ఉన్న అడ్రసు, నా దగ్గరున్న ఆధారం అంతే. కవరు ఎప్పటిదో అన్నావు, లోపలి ఉత్తరం పోయిందన్నావు. పోతే పోయింది. అసలు బతికుందో లేదో చూడాలి. ఎందుకు మానేశావే అని ఒక్క మాట అడగాలి. నాకు అరవై ఎనిమిది, మోకాళ్ళు ఇప్పటికే అలిగి కూర్చున్నాయి. వీసా నెల రోజులే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

కార్డు నీ పేరున ఉంది, ఓటీపీ నీ ఫోనుకే వస్తుంది. పైగా టికెట్ల విద్యలో నిన్ను మించినవాడు లేడని నీకు నువ్వే చెప్పుకుంటావు. కవరు మీది ఊరికి వెంటనే ఒక టికెట్టు బుక్ చెయ్యి.

చెవి మిషన్ పెట్టుకో. గ్యాస్ కట్టేశావో లేదో రెండుసార్లు చూసుకో.

అక్క

సెప్టెంబర్ 30

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిషన్ పెట్టుకుంటూనే ఉన్నాను, మాట్లాడేవాళ్ళు లేకపోయినా.

ఆ దేశం రైళ్ళ సైటు బాగానే ఉంది. మన ఫారంలో లాగే ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీ, ఎంతమంది అని అడుగుతుంది. కాకపోతే అద్దం మీద కొట్టి 'సార్, రైలు వెళ్ళిపోతోంది సార్' అనేవాడు ఒక్కడూ లేడు. అది లేక నాకు చెయ్యి ఆడలేదు. ఓటీపీ వచ్చేలోపు పేజీ పోయింది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. నాలుగోసారికి అయింది.

కవరు మీది ఊరికి మాత్రం ఇప్పుడు రైళ్ళు లేవు. పట్టాల మరమ్మతు అని చూపిస్తోంది. ఇరవై రోజులు పట్టేలా ఉంది. ఈలోగా ఎదురింటి గోడ చూస్తూ కూర్చోవడం దేనికి? సముద్రం ఒడ్డున ఒక ఊరుంది, ఫోటోలు బాగున్నాయి. రెండో తారీఖు పొద్దున ఎనిమిది పన్నెండుకి రైలు. మూడో పెట్టె, నలభై ఒకటో సీటు, కిటికీ పక్క. కాగితం జత చేశాను, ఫోన్లో చూపిస్తే చాలు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉందని రాస్తే, నీకెప్పుడూ నిశ్శబ్దమే కదరా అని నవ్వుతావు. కానీ నువ్వు కోపంగా గిన్నెలు పడేస్తే నేల అదిరేది, అరికాళ్ళకి తెలిసేది. ఇప్పుడు నేల కూడా పలకడం లేదు.

నీ తమ్ముడు

అక్టోబర్ 3

టికెట్ల పండితుడికి,

నా పరువు పట్టాల మీద పరిచావు కదరా! నలభై ఒకటో సీట్లో మహారాణిలా కూర్చున్నాను. గార్డు వచ్చాడు. ఫోన్ చూపించాను. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అంతంత మాత్రమే, అయినా విషయం బాగానే అర్థమైంది.

"ఇది సీటు కాగితమమ్మా. టికెట్టేది?" అన్నాడు.

"ఇదేనండీ టికెట్టు. నంబరు కూడా ఉంది చూడండి" అన్నాను.

"నంబరుంది. ఆ సీటు మీదే, ఎవరూ కూర్చోరు. కానీ ఈ రైలెక్కడానికి మీకు టికెట్టు లేదు."

సీటుంది, టికెట్టు లేదు! పెట్టెలో అందరూ నా వైపే చూస్తున్నారు. నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని, ఒకరి చేత తప్పు అనిపించుకుని ఎరగను. ఎదురు సీట్లో పెద్దాయన తన ఫోన్లో నాకు టికెట్టు కొనిపెట్టి నా దగ్గర నోట్లు తీసుకున్నాడు. నాలుగు మాటలు మాట్లాడదామని అటు తిరిగేసరికి చెవుల్లో ఏవో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

సముద్రం బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బాగుంది. కానీ సముద్రాన్ని చూసి 'బాగుంది కదూ' అనడానికి పక్కన ఒక మనిషి ఉండాలని ఇవాళే తెలిసింది. ఒడ్డున చెక్క బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాను. కాఫీ ఇచ్చిన అమ్మాయి తప్ప నాతో మాట్లాడినవాళ్ళు లేరు. ఆ అమ్మాయి కూడా 'చక్కెర వేయమంటారా' అని మాత్రమే అడిగింది. వేసుకోనుగానీ, ఇంకో మాట మాట్లాడుతుందేమోనని వేయమన్నాను.

మరమ్మతు ఎంతవరకు వచ్చిందో రోజూ చూస్తూ ఉండు.

అక్క

అక్టోబర్ 4

అక్కా,

సిగ్గుతో చచ్చిపోయాను. మన దగ్గర సీటు నంబరు పడిందంటే టికెట్టు అయిపోయినట్టే. అక్కడ రైలెక్కే హక్కు వేరు, కూర్చునే హక్కు వేరట. రెండూ విడివిడిగా కొనాలట. నేను కూర్చునే హక్కు ఒక్కటే కొన్నాను. ముప్పై మూడేళ్ళలో నా చేతి మీదుగా ఇలాంటి తప్పు జరగలేదు, నమ్ము.

ఈసారి రెండూ కొన్నాను. అయిదో తారీఖు, కొండల్లో ఉన్న ఊరు. అక్కడ నాలుగు రోజులకి గది కూడా చెప్పాను. స్వెట్టర్ వేసుకో. మరమ్మతు ఇంకా నడుస్తోంది.

తమ్ముడు

అక్టోబర్ 7

తమ్ముడూ,

కొండలు చూశాను. మంచు చూశాను. మంచులో జారి పడబోయి కమ్మీ పట్టుకున్నాను, అది కూడా చూసినట్టే లెక్క. ఇక్కడ ఊరంతా ఇద్దరిద్దరుగా నడుస్తుంది. భోజనాల హాల్లో కూడా బల్లలన్నీ ఇద్దరికి వేసినవే. నేను కూర్చోగానే ఎదుటి పళ్ళెం, చెంచాలు తీసుకుపోతారు. రోజుకి మూడుసార్లు తీసుకుపోతారు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళ పని అది.

నీ సంగతి చెప్పు. నీ ఉత్తరాలు చిక్కిపోతున్నాయి. మొదటిది పేజీ, రెండోది అరపేజీ. ఒంట్లో బాగుండటం లేదా? దాస్తున్నావా? నాకు తెలుసులే, నేను లేకపోతే నీకు కాలూ చెయ్యీ ఆడవు. అమ్మ మంచాన పడ్డప్పటి నుంచీ ఒంటికాయ సొంటికొమ్ముల్లా ఇద్దరం ఒకే ఇంట్లో ముసలివాళ్ళమైపోయాం. నిన్న ఒక ఆలోచన వచ్చింది. చెల్లి వద్దనుకునే కదా రాయడం మానేసింది. వద్దనుకున్న మనిషిని వెతుక్కుంటూ, కావాలనుకున్నవాడిని అక్కడ ఒంటరిగా వదిలేసి ఇదంతా ఏం పని అనిపించింది. నువ్వు ఒక్క మాట అను, తిరిగి వచ్చేస్తాను.

అక్క

అక్టోబర్ 8

అక్కా,

ఒంట్లో బాగానే ఉంది. కానీ నువ్వు అడిగావు కనుక చెబుతున్నాను, వచ్చెయ్యి. కవరు మీది ఊరికి పద్దెనిమిదో తారీఖు దాకా సీట్లన్నీ నిండిపోయాయి, రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ తర్వాత నీకు మిగిలేది వారం. అంత దూరం పోయి అడ్రసులో మనిషి లేకపోతే ఆ బాధ నువ్వు పడలేవు. విమానం తేదీ మార్చమంటే ఇవాళే మారుస్తాను. నీ గది దులిపించాను, దుప్పట్లు ఎండలో వేశాను.

తమ్ముడు

అక్టోబర్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని సరే, తేదీ మార్చమని రాయబోయాను. ప్రూఫులు దిద్దే పాడలవాటు, రాసేముందు పాత ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివాను.

ముప్పయ్యో తారీఖున పట్టాల మరమ్మతు, ఇరవై రోజులు అసలు రైళ్ళే లేవన్నావు. నిన్న సీట్లు నిండిపోయాయన్నావు, పైగా రోజూ చూస్తున్నానన్నావు. నడవని రైళ్ళలో సీట్లు ఎలా నిండాయిరా?

ఇంకో పని కూడా చేశాను. హోటల్లో ఇచ్చిన పటం మీద నువ్వు నన్ను పంపిన ఊళ్ళు పెన్నుతో గీశాను. కవరు మీది ఊరు మధ్యలో ఉంది. నేను దాని చుట్టూ తిరుగుతున్నాను. సముద్రం ఊరి నుంచి అక్కడికి గంటన్నర కూడా లేదు.

ఏదైనా కారణం ఉండే ఉంటుంది. నువ్వు నాకు అబద్ధం చెప్పేవాడివి కాదు. స్టేషనుకి వెళుతున్నాను. నా మెదడు పాడైందని రుజువు చేస్తూ వెంటనే జవాబు రాయి, నీకు పుణ్యం ఉంటుంది.

అక్క

అక్టోబర్ 11

నీ జవాబు రాలేదు. రెండు రోజులుగా ఫోన్ తీసి తీసి చూస్తున్నాను.

స్టేషన్లో కౌంటర్ ఉంది. అద్దం వెనకాల నీలాంటివాడే ఒకాయన. గంటకో రైలు ఉందమ్మా, ఎప్పుడూ సగం ఖాళీయే, ఏ సీట్లో కావాలంటే ఆ సీట్లో కూర్చోండి అన్నాడు. మరమ్మతులేమైనా జరిగాయా అని అడిగాను. ఈ మధ్యకాలంలో ఏం లేవు అన్నాడు. నోట్లు ఇచ్చి టికెట్టు కొనుక్కుని ఎక్కాను.

అడ్రసు నిజమైనదే. మూడంతస్తుల ఇల్లు, కింద రొట్టెల దుకాణం. మూడో అంతస్తు తలుపు మీద పేరు రాసిన కాగితం చింపేసిన గుర్తు ఉంది, పేరు లేదు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. రొట్టెల దుకాణం ఆవిడ పైకి వచ్చి నన్ను చూసి, మళ్ళీ చూసి, "మీరు నర్సమ్మకి ఏమవుతారు? గడ్డం అచ్చం అలాగే ఉంది" అంది.

మన పిచ్చుక ఆ గదిలో ఇరవై రెండేళ్ళు ఉంది. ఉద్యోగం అయిపోయిందని అయిదో తారీఖున తాళాలు ఇచ్చి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఆవిడకి తెలీదు. అయిదో తారీఖున నేను నువ్వు కొన్న టికెట్టుతో, నువ్వు కొన్న సీట్లో కూర్చుని కొండలెక్కుతున్నాను.

"మీరు అక్కగారా?" అని అడిగింది ఆవిడ. అవునన్నాను. ఆవిడ మొహం మారిపోయింది. "నీ మొహం చూడను, ఇక ఉత్తరాలు రాయకు అని రాశారటగా. ఆమె ఒకసారి చెప్పి చాలా ఏడ్చింది. ఇప్పుడెందుకొచ్చారు?" అంది.

నేనెప్పుడు రాశానురా?

అక్టోబర్ 12

అక్కా,

నువ్వు రాయలేదు. నేను రాశాను.

అమ్మ మంచాన పడి అప్పటికి ఆర్నెల్లు. నాకు ఉద్యోగం వచ్చి నెల కూడా కాలేదు, పాతికేళ్ళవాణ్ణి. చిన్నక్క దగ్గర నుంచి నీ పేరున లావుపాటి కవరు వచ్చింది. నువ్వు ప్రెస్సుకి వెళ్ళావు, నేను విప్పాను. ఆస్పత్రిలో నీకు పని మాట్లాడాను, కాగితాలు పంపుతున్నాను, సంతకం పెట్టి వచ్చెయ్యి అక్కా, నీ బతుకంతా అక్కడే అయిపోతుంది అని రాసింది. నువ్వు వెళ్ళిపోతావనిపించింది. నాకూ అమ్మకీ ఎవరూ ఉండరనిపించింది. కాగితాలు చింపేశాను. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కదా, నా చేతిరాతా నీ చేతిరాతా ఒకటే. నీ పేరుతో నేను జవాబు రాశాను. నీ మొహం చూడనని, ఇంటికి ఉత్తరాలు వద్దని. ఆ తర్వాత నువ్వు రాసి పోస్టు చెయ్యమని నాకిచ్చిన ఉత్తరాలు కూడా వెయ్యలేదు.

అక్కడితో పోతుందనుకున్నాను. చిన్నక్క నా ఆఫీసు అడ్రసుకి రాయడం మొదలుపెట్టింది. ఏడాదికొకటి. ప్రతి దాంట్లోనూ చివర ఒకటే మాట, అక్క కోపం తగ్గిందా అని. నేను అందరం క్షేమం అని రెండు ముక్కలు రాసేవాణ్ణి. తగ్గలేదనీ రాయలేదు, తగ్గిందనీ రాయలేదు. ఏడాది గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. నీకు దొరికిన కవరు కిందటేడాదిది.

సీటు కొని టికెట్టు కొనని తప్పు నిజంగా తెలియక చేసిందే. మిగతావన్నీ తెలిసి చేసినవి. సైటులో ఆ ఊరి మొదటి రెండు అక్షరాలు కొడితే చాలు, రోజుకి పద్దెనిమిది రైళ్ళు వరసగా వచ్చేవి. చూసి మూసేసేవాణ్ణి. నీ వీసా అయిపోయేదాకా తిప్పితే చాలనుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏడో తారీఖున పాత ఆఫీసువాళ్ళు చిన్నక్క ఉత్తరం తెచ్చిచ్చారు. ఇల్లు ఖాళీ చేస్తున్నానని, కొత్త అడ్రసు ఇదని. అది నా చేతిలో ఉండగానే నీకు ఎనిమిదో తారీఖు ఉత్తరం రాశాను. అడ్రసు కింద ఇస్తున్నాను. టికెట్టూ సీటూ రెండూ కొని జత చేశాను.

క్షమించమని అడగను. నువ్వు ఇక ఈ ఇంటికి రావేమోనని భయంగా ఉంది. అప్పుడు కూడా ఇదే భయం.

తమ్ముడు

అక్టోబర్ 15

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా మంచం దిగలేదు. తరవాత లేచి నిన్ను తిడుతూ నాలుగు పేజీలు రాసి చెరిపేశాను. తిడితే నీకు హాయిగా ఉంటుంది, నాకు తెలుసు.

ఆ కాగితాలు నా చేతికి వచ్చి ఉంటే వెళ్ళేదాన్నో లేదో చెప్పలేను. అమ్మని వదిలి వెళ్ళేదాన్ని కాదనే అనుకుంటాను. కానీ రానే చెల్లీ అని రాయాల్సింది నేను. రాసి, తరవాత ముప్పై నాలుగేళ్ళు దానికి కబుర్లు చెప్పుకోవాల్సింది కూడా నేనే. నువ్వు తీసుకున్నది అదిరా.

నువ్వు పంపిన టికెట్టు వాడలేదు. కౌంటర్లో కొనుక్కుని వెళ్ళాను. రిటైరైన నర్సులుండే ఇల్లు అది, వసారాలో తలుపులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది, నాకంటే పొట్టిదైపోయింది. నన్ను గుర్తుపట్టక ఎవరు కావాలండీ అని వాళ్ళ భాషలో అడిగింది. పిచ్చుకా అన్నాను. తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగింది. "లోపలికి రా అక్కా. చెప్పులు విప్పకు, నేల చల్లగా ఉంటుంది" అంది.

అన్నం వండింది. అమ్మ ఎలా పోయిందో చెప్పించుకుంది. మోకాళ్ళు చూసి మందు రాసింది. పెట్టెలు ఇంకా విప్పలేదు, ఉన్న ఒక్క కుర్చీ నాకిచ్చి తను పెట్టె మీద కూర్చుంది. సాయంత్రం గిన్నెలు తుడుస్తూ నా వైపు చూడకుండా అడిగింది.

"మొహం చూడనని రాశావుగా అక్కా. మరి ఇప్పుడెలా వచ్చావు?"

చెప్పేద్దామనే నోరు తెరిచాను. దాని ముందు నేను దోషిలా ఎందుకు నిలబడాలి? కానీ నా మాట బయటికి రాకముందే అదే అంది: "తమ్ముడొక్కడే నన్ను వదల్లేదు. ఏడాదికి రెండు ముక్కలే రాస్తాడు, అయినా రాస్తాడు. వాడు కూడా లేకపోయుంటే నాకు మీ ఇద్దరిలో ఒక్కరూ లేనట్టే కదా." లేచి వెళ్ళి సొరుగులోంచి నీ ఉత్తరాల కట్ట తెచ్చి చూపించింది. అందరం క్షేమం, అందరం క్షేమం, కట్టంతా అదే.

దాని చేతిలోంచి ఆ కట్ట లాక్కోలేకపోయాను. "అవునే, కోపంలో నేనే రాశాను. తప్పయిపోయింది" అన్నాను.

కట్ట సొరుగులో పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. నేను పిలిచినా ఇటు తిరగలేదు. అప్పటి నుంచీ అన్నం పెడుతోంది, మందు రాస్తోంది, మాట మాత్రం ముక్తసరిగా మాట్లాడుతోంది. దాని కోపం న్యాయమైనదే, కాకపోతే నా మీద పడింది.

వీసా ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పన్నెండు రోజులూ ఇక్కడే ఉంటాను. నేను నోరు విప్పి దానికి ఏమీ చెప్పను. నువ్వు దానికి ఉత్తరం రాయి. ఈసారి నీ పేరుతో రాయి.

అక్క